టన్నుల్లో దొరకని చేప

పఫిన్ అనే సముద్ర పక్షి ఫొటో చూడని వాళ్లు ఇప్పుడు అరుదు. నల్లని వీపు, తెల్లని పొట్ట, రంగులద్దిన ముక్కు, ఆ ముక్కులో అడ్డంగా వేలాడే వెండి చేపలు. చూసేవాళ్ల కళ్లు ఆ ముఖం దగ్గరే ఆగిపోతాయి. నాకు మాత్రం ముక్కులో ఏముందో చూడాలనిపిస్తుంది. ఎన్ని చేపలు? ఎంత పొడవు? ఏ జాతి? 2017లో బ్రిటన్ పక్షి సంరక్షణ సంస్థ ఆర్.ఎస్.పి.బి. సరిగ్గా ఇదే పనిని జనం చేత చేయించింది. దీవులకు వెళ్లే పర్యాటకులను తాము తీసిన ఫొటోలు పంపమని అడిగింది. పఫిన్లు పిల్లల కోసం ఏ తీరంలో ఏ చేప మోసుకొస్తున్నాయో ఆ ఫొటోల నుంచే లెక్క తీసింది. మురిసిపోవడానికి తీసిన బొమ్మలు ఒక శాస్త్ర సమాచారంగా మారడం నాకు చాలా నచ్చింది.

పఫిన్ ఒక్క విడతలో పది చేపలైనా తేగలదు. దాని బంధువు గిల్లెమాట్ అలా కాదు. ఒకసారికి ఒకే చేప. తల గొంతులోకి, తోక బయటికి ఉండేలా ముక్కులో పొడవుగా ఇరికించుకుని, కొండచరియ అంచు మీద నిలబడిన ఏకైక పిల్లకు అందిస్తుంది. ఆ ఒక్క చేప చిన్నదైతే, పీలదైతే, ఆ ప్రయాణమంతా వృథా.

సముద్రంలో చేప ఎంత ఉందన్న ప్రశ్నకు ప్రభుత్వాలు, కంపెనీలు, చివరికి పక్షుల తరఫున పోరాడేవాళ్లు కూడా టన్నుల్లోనే జవాబు చెబుతారు. కోటాలు టన్నుల్లో, సర్వేలు టన్నుల్లో, వివాదాలు టన్నుల్లో. ఆ కొలత పడవకు సరిపోతుంది, పక్షికి సరిపోదు. పక్షికి కావలసింది తన గూటికి చేరువలో, పిల్ల పెరిగే ఆ కొద్ది వారాల్లో, తన ముక్కుకు పట్టే సైజులో, కొవ్వు పట్టి ఉన్న చేప. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా, సర్వే నివేదికలో లక్షల టన్నులు ఉండగానే పిల్లలు గూళ్లలో ఎండిపోతాయి. చిన్న చేపల వేట పక్షుల నోటి కూడు తీస్తోందా అని దశాబ్దాలుగా నడుస్తున్న తగువులో సగం ఈ కొలత దగ్గరే చిక్కుపడిందని నా అభిప్రాయం.

ముందు కొవ్వు సంగతి చూద్దాం. స్కాట్లాండ్ తూర్పు తీరాన ఐల్ ఆఫ్ మే అనే చిన్న దీవి ఉంది. అక్కడి పక్షులను శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఏటా గమనిస్తున్నారు. 2004 వేసవిలో అక్కడి గిల్లెమాట్లకు ఘోరమైన ఏడాది. విచిత్రమేమిటంటే తల్లిదండ్రులు చేపలు తేవడం మానలేదు. తెచ్చినవి ఎక్కువగా స్ప్రాట్ చేపలు. హెర్రింగ్‌కు దగ్గరి చుట్టమైన ఈ చిన్న చేపకు మంచి కొవ్వు ఉంటుందని పేరు. కానీ పక్షులు తెచ్చిన చేపలను ప్రయోగశాలలో పరీక్షించి చూస్తే వాటిలో ఉండవలసిన శక్తికి ఎంతో తక్కువ ఉంది. బయటికి చేప చేపలాగే కనిపిస్తోంది, లోపల సరుకు లేదు. దాదాపు అదే కాలంలో ఉత్తర అట్లాంటిక్‌లో స్నేక్ పైప్‌ఫిష్ అనే సన్నని, బిరుసైన చేప ఒక్కసారిగా విరివి అయింది. పక్షులు దాన్నీ తెచ్చాయి. పిల్లలు మింగలేక వదిలేసిన పైప్‌ఫిష్‌లు గూళ్ల చుట్టూ ఎండి పడి ఉండేవి. గొంతుకడ్డం పడి చచ్చిన పిల్లలూ ఉన్నాయి. సంఖ్య చూస్తే ఆహారం పుష్కలం.

ఎందుకిలా జరిగింది? ఉత్తర సముద్రపు పక్షులకు ప్రధాన ఆధారం శాండీల్ అనే సన్నని చేప. ఇది చలికాలమంతా ఇసుకలో పూడుకుని ఉండి, వసంతంలో పైకి వచ్చి కోపెపాడ్లనే సూక్ష్మ ప్లవకాలను తిని బలుస్తుంది. చల్లని నీటిలో బతికే కలానస్ ఫిన్‌మార్చికస్ అనే కోపెపాడ్ నిండా కొవ్వు. నీరు వెచ్చబడే కొద్దీ అది ఉత్తరానికి జరిగిపోతోంది. దాని చోటుకు వచ్చిన దక్షిణాది చుట్టం కలానస్ హెల్గోలాండికస్ ఏడాదిలో ఆలస్యంగా విరివి అవుతుంది. అప్పటికి శాండీల్ కడుపు మాడుతుంది. శాండీల్ పలచబడితే, దాని మీద బతికే కిట్టివేక్ అనే గల్ జాతి సముద్ర పక్షి పిల్ల పలచబడుతుంది. కంటికి కనిపించని ఒక జీవి చిరునామా మారితే కొండ మీద గూడు ఖాళీ అవుతుంది. ఈ గొలుసులో టన్ను అనే మాటకు ఎక్కడా చోటు లేదు.

ఇదే కథ పసిఫిక్‌లో మరీ భయంకరంగా నడిచింది. 2014 నుంచి 2016 వరకు ఈశాన్య పసిఫిక్ మీద అసాధారణమైన వేడి నీరు పరుచుకుని కదలకుండా ఉండిపోయింది. కామన్ మర్ అనే పక్షి (ఐరోపా వాళ్లు గిల్లెమాట్ అనేది దీన్నే) రోజూ తన బరువులో సగానికి పైగా చేప తినాలి. కొద్ది రోజులు దొరక్కపోతే చావే. కాలిఫోర్నియా నుంచి అలాస్కా వరకు తీరాల్లో దాదాపు 62,000 కళేబరాలు దొరికాయి. అవి చాలావరకు ఆకలితో చిక్కిపోయినవే. తీరానికి కొట్టుకొచ్చేవి చచ్చినవాటిలో కొద్ది వంతు మాత్రమే. ఒక్క అలాస్కాలోనే సుమారు 40 లక్షల మర్‌లు, అంటే అక్కడి వాటిలో సగం, పోయాయని 2024లో తేలింది. శాస్త్రవేత్తలు చెప్పిన కారణం విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వేడికి ప్లవకాలు చిన్నబడి పేలవమయ్యాయి, దానితో చిన్న చేపలూ చిక్కాయి. అదే వేడికి కాడ్, పొలాక్ వంటి పెద్ద చేపల ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి, అవి మామూలుకంటే ఎక్కువ తినసాగాయి. కింద నుంచి సరఫరా తగ్గింది, పక్క నుంచి పోటీ పెరిగింది. మధ్యలో పక్షి నలిగింది.

ఇక్కడే ఒక గొంతు వినిపిస్తుంది: "చూశారా, ఇదంతా వాతావరణం. వేటగాళ్ల మీద పడతారెందుకు?" ఈ ప్రశ్నకు జవాబు పెరూలో ఉంది. తీరికగా చెప్పవలసిన జవాబు.

పెరూ తీరం వెంట అడుగు నుంచి చల్లని నీరు ఉబికి వస్తుంది. దానితోపాటు పోషకాలూ వస్తాయి. ఆ నీటిలో నెత్తళ్ల జాతికి చెందిన ఆంకోవెటా లెక్కకు మించి పుడుతుంది. దాన్ని తినడానికి గ్వానాయ్ అనే నీటికాకి, బూబీ, గూడబాతు లక్షలాదిగా దీవుల మీద చేరతాయి. అక్కడ వాన పడదు. అందుకే వాటి రెట్ట కొట్టుకుపోకుండా పొరలు పొరలుగా పేరుకుంది. అదే గ్వానో. 1840ల నుంచి ఐరోపా పొలాలకు అది బంగారం. పెరూ ఖజానా దాని మీదే నడిచింది. 1864లో స్పెయిన్ నౌకాదళం వచ్చి చించా దీవులను ఆక్రమించడానికీ, యుద్ధం రావడానికీ మూలం ఆ రెట్టే. తవ్వి తవ్వి ఆ నిధిని ఒక తరంలోనే ఊడ్చేశారు.

తర్వాత జరిగింది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 1909లో పెరూ ప్రభుత్వం గ్వానో నిర్వహణకు ఒక కంపెనీ పెట్టింది. దానికి పక్షి అంటే ఆస్తి. కాపలాదారులను పెట్టింది, కొన్ని దీవులకు వంతులవారీగా విశ్రాంతి ఇచ్చింది, ప్రధాన భూభాగంలోని కొనల చుట్టూ నక్కలు రాకుండా గోడలు కట్టించింది. పక్షులంటే ప్రేమతో చేసిన పని కాదు, లాభం కోసమే చేసింది. అయినా ఫలించింది. 1950ల నడుమకు గ్వానో పక్షుల సంఖ్య రెండు కోట్లకు అటూ ఇటూ చేరింది. ప్రపంచంలో ఒక అడవి పక్షి గుంపును ఇంత పెద్ద ఎత్తున, ఇంత లెక్కగా పెంచిన ఉదాహరణ మరొకటి నాకు తెలియదు.

ఎల్ నీనో వచ్చినప్పుడల్లా వేడి నీరు కమ్ముకుని ఆంకోవెటా లోతుకో, దూరానికో పోయేది. పక్షులు కుప్పలుగా చచ్చేవి. తర్వాత చల్లని నీరు తిరిగి రాగానే మిగిలినవి మళ్లీ పిల్లలను పెట్టి కొన్నేళ్లలో కోలుకునేవి. 1957-58 ఎల్ నీనో అలాగే కొట్టింది, పక్షులు చాలావరకు అలాగే లేచి నిలబడ్డాయి. 1965లో మరొకటి వచ్చింది. ఈసారి కూలిన సంఖ్య తిరిగి లేవలేదు. కొన్ని పదుల లక్షల దగ్గరే ఉండిపోయింది.

రెండు దెబ్బలకూ మధ్య మారినదేమిటి? 1950ల నడుమ పెరూలో ఆంకోవెటా వేట నామమాత్రం. ఆ తర్వాత కోళ్లకూ పందులకూ దాణాగా చేపపొడికి గిరాకీ పెరిగింది. తీరమంతా మిల్లులు వెలిశాయి. 1960ల నడుమకు ఏటా 70 లక్షల టన్నులు దాటింది. 1970లో కోటి 20 లక్షల టన్నులు దాటింది. ప్రపంచంలో అంతకు ముందు ఏ ఒక్క చేప జాతినీ ఒక్క ఏడాదిలో అంత పట్టలేదు. 1972-73 ఎల్ నీనోతో ఆంకోవెటా కూడా కూలింది, పరిశ్రమ దానితోపాటే పడింది. పక్షులు ఆ పాఠాన్ని ఏడెనిమిదేళ్ల ముందే చెప్పాయి. చెవిన పెట్టిన వాళ్లు లేరు. పక్షుల తరఫున మాట్లాడవలసిన గ్వానో కంపెనీ అప్పటికే చేపపొడి వ్యాపారం ముందు చిన్నబోయింది.

అందుకే "వాతావరణమా, వేటా?" అన్న ప్రశ్నే నాకు మింగుడుపడదు. పెరూలో పక్షులను పడగొట్టింది ఎల్ నీనో. లేవకుండా చేసింది వల. దెబ్బ ఒకరిది, కోలుకునే తిండిని లాక్కున్నది మరొకరు. ఐల్ ఆఫ్ మే కిట్టివేక్‌ల మీద 2004లో వచ్చిన విశ్లేషణ కూడా ఇదే చెప్పింది. ముందు చలికాలం సముద్రం వెచ్చగా ఉన్న ఏడూ, శాండీల్ వేట సాగిన ఏడూ, రెండింటిలోనూ పిల్లలు తగ్గాయి, పెద్దవాటి ప్రాణాలూ ఎక్కువగా పోయాయి. సముద్రం వేడిని ఒక మంత్రిత్వశాఖ ఈ ఏడాదికి తగ్గించలేదు. కోటాను తగ్గించగలదు. తగ్గించగలిగిన దాన్ని వదిలేసి తగ్గించలేని దాని వైపు వేలు చూపడం నాకు తప్పించుకునే దారిలాగే కనిపిస్తుంది.

అలాగని ఎదుటి పక్షం వాదనలో బలం లేదని కాదు. కాలిఫోర్నియా దగ్గర శాంటా బార్బరా లోతట్టులో సముద్రపు అడుగు బురద పొరలు పొరలుగా చెదరకుండా నిలిచి ఉంది. ఆ పొరల్లో చిక్కిన సార్డీన్ (మన కవళ్ల వంటివి), ఆంకోవీ పొలుసులను శాస్త్రవేత్తలు లెక్కించారు. సుమారు రెండు వేల ఏళ్ల చరిత్ర అందులో ఉంది. పెద్ద పడవ ఒక్కటీ లేని శతాబ్దాల్లో కూడా ఈ చేపలు కోట్లకు పెరిగి, మళ్లీ దాదాపు మాయమయ్యాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రే హిల్బోర్న్ బృందం 2017లో దీన్ని ముందుకు తెచ్చింది. చిన్న చేపలు సహజంగానే ఎగిసి పడతాయి, వాటి మొత్తం సంఖ్యకూ వాటిని తినే జీవుల సంఖ్యకూ సంబంధం చాలా చోట్ల బలహీనంగా కనిపిస్తోంది, పైగా పక్షులు తినే సైజు వేరు, పడవలు పట్టే సైజు వేరు అన్నది వాళ్ల మాట. అదే విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ ఎసింగ్టన్ బృందం 2015లో మరో కోణం చూపింది. కూలిపోవడం సహజమే కావచ్చు, కానీ చేప తగ్గుతున్నా వేట ఒత్తిడి తగ్గకపోవడం వల్ల ఆ పతనాలు మరింత లోతుగా, మరింత తరచుగా వస్తున్నాయన్నది వాళ్ల నిర్ణయం.

రెండూ చదివిన తర్వాత నాకు అనిపించింది ఒకటి. హిల్బోర్న్ వాదనలోని బలమైన భాగం నిజానికి నా వైపే నిలుస్తుంది. మొత్తం చేప సంఖ్యతో పక్షి సంఖ్యను పోలిస్తే సంబంధం బలహీనంగా కనిపించక మరేమవుతుంది? గూటి నుంచి వెళ్లి రాలేనంత దూరాన ఉన్న గుంపు కిట్టివేక్‌కు లేనట్టే. పైపొర మీటరు లోతులో మాత్రమే వేటాడే పక్షి అది. చేప ఇరవై మీటర్ల కిందికి దిగితే దానికి సముద్రం ఖాళీ. అదే చోట గిల్లెమాట్ వంద మీటర్లకు పైగా మునిగి తెచ్చుకోగలదు. షెట్లాండ్ దీవుల్లో 1980ల చివర, నీటి పైపొరలోనే వేటాడే ఆర్కిటిక్ టెర్న్ పక్షులు ఏళ్ల తరబడి దాదాపు ఒక్క పిల్లనూ పెంచలేకపోతే, లోతుకు మునిగే పక్షులు వాటికంటే మెరుగ్గా నెట్టుకొచ్చాయి. ఒకే సముద్రం, ఒకే శాండీల్.

పక్షి సంఖ్య అన్నది కూడా మోసపు లెక్కే. సముద్ర పక్షులు దీర్ఘాయుష్షు గలవి. విజ్‌డమ్ అని పేరు పెట్టిన లేసాన్ ఆల్బట్రాస్‌కు 1956లో కాలి ఉంగరం తొడిగారు, అది 2024లో కూడా గుడ్డు పెట్టింది. ఇలాంటి జీవి కరువు ఏడాది వస్తే పిల్లను వదిలేసి తన ప్రాణం కాపాడుకుంటుంది. అందులో తప్పేమీ లేదు, దాని లెక్క అది. నార్వేలోని రోస్ట్ దీవుల్లో 1960ల చివర హెర్రింగ్‌ను ఊడ్చేసిన తర్వాత, 1969 నుంచి 1982 వరకు పఫిన్ పిల్లలు దాదాపు ప్రతి ఏడూ గూళ్లలోనే చచ్చాయి. అయినా దీవి మీద పెద్ద పఫిన్లు లక్షల్లో ఉన్నాయి. 1979లో అక్కడ లెక్కించిన జంటలు సుమారు 14 లక్షలు. పైకి చూస్తే కళకళలాడే కాలనీ. లోపల వారసులు లేరు. అసలు పతనం లెక్కల్లోకి ఎక్కేసరికి దాని కారణం పదేళ్ల పాతదైపోతుంది. "పక్షులు బాగానే ఉన్నాయి కదా" అన్న మాట నాకు అందుకే అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

పక్షుల తరఫు నుంచి వచ్చిన ప్రసిద్ధమైన సూత్రం 2011 నాటిది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫిలిప్ క్యూరీ నాయకత్వంలో ఒక బృందం ఏడు సముద్ర ప్రాంతాల్లో 14 జాతుల పక్షుల సమాచారాన్ని ఒకచోట చేర్చింది. అంతటా ఒకే ఆకారం కనబడింది. చేప ఎక్కువున్నంత కాలం పిల్లల సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటుంది. దీర్ఘకాలంలో నమోదైన గరిష్ఠంలో మూడో వంతుకు చేప పడిపోగానే పిల్లల సంఖ్య జారడం మొదలవుతుంది. "పక్షులకు మూడో వంతు" అన్న నినాదం అక్కడ పుట్టింది. నాకు ఆ పని మీద గౌరవముంది. కానీ ఆ నినాదం మళ్లీ టన్నుల భాషలోకే జారిపోయింది. మూడో వంతు ఎక్కడ వదలాలి? ఏ నెలలో? దేశం మొత్తానికి మూడో వంతు వదిలి, కాలనీ ముందున్న గుంపును మొత్తం పట్టేస్తే సూత్రం నెరవేరినట్టేనా? కాగితం మీద నెరవేరుతుంది.

పక్షులు మన చేప తినేస్తున్నాయన్న పాత ఫిర్యాదుకు మాత్రం నేనూ టన్నుల్లోనే జవాబిస్తాను, అక్కడ ఆ కొలత పనికొస్తుంది కనుక. 1970-89 మధ్య ప్రపంచ సముద్ర పక్షులు ఏటా సగటున 7 కోట్ల టన్నులు తినేవని, 1990-2010 మధ్య అది 5 కోట్ల 70 లక్షలకు తగ్గిందని 2018లో ఒక అంచనా వచ్చింది. అదే కాలంలో పక్షులు తినగల జాతుల మీద మనుషుల వేట 5 కోట్ల 90 లక్షల నుంచి 6 కోట్ల 50 లక్షలకు పెరిగింది. ఎవరు ఎవరి కంచంలో చెయ్యి పెట్టారో చెప్పనక్కరలేదు.

ఇక వేటగాడికి ఉన్న అసలు ఇబ్బంది, అతని తప్పు లేకుండానే ఉన్నది. ఆంకోవీ, సార్డీన్, శాండీల్ గుంపులుగా బతికే చేపలు. సంఖ్య సగమైనా గుంపు పలచబడదు, గుంపుల సంఖ్య తగ్గుతుంది, అవి ఆక్రమించే చోటు కుంచించుకుపోతుంది. సోనార్ ఉన్న పడవకు మిగిలిన గుంపు దొరుకుతూనే ఉంటుంది, వల నిండుతూనే ఉంటుంది. పడవ తెచ్చే రాబడిని బట్టి సముద్రం బాగుందనుకుంటే, చేప చివరి గుంపు దాకా బాగున్నట్టే కనిపిస్తుంది. పక్షికి ఆ సౌకర్యం లేదు. గుడ్డు దాన్ని ఒక రాతికి కట్టేస్తుంది. చుట్టుపక్కల గుంపులు తగ్గిన మొదటి వారంలోనే దాని ప్రయాణం పొడవవుతుంది, పిల్లకు పూటలు తగ్గుతాయి, ముక్కులో చేప జాతి మారుతుంది. ఈ మూడూ దూరదర్శినితో, ఓపికతో కొలవగలిగినవి.

కాలిఫోర్నియా సింధుశాఖలోని ఇస్లా రాసా దీన్ని చేసి చూపింది. ప్రపంచంలోని ఎలిగెంట్ టెర్న్‌లలో, హీర్మన్ గల్స్‌లో అత్యధిక భాగం గూడు కట్టుకునేది ఆ చిన్న మెక్సికో దీవి మీదే. ఎన్రికెటా వెలార్దే, ఆమె సహచరులు ఆ టెర్న్‌లు తెచ్చే తిండిలో సార్డీన్ పాలు ఎంతో ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఆ పాలు చూసి తర్వాతి వేట కాలంలో పడవలకు సార్డీన్ ఎలా దొరుకుతుందో ముందే అంచనా వేయవచ్చని 2004లో చూపించారు. సార్డీన్ కరువైన ఏళ్లలో టెర్న్‌లు రాసాను వదిలేసి దక్షిణ కాలిఫోర్నియాకు వెళ్లి గూడు కట్టుకున్నాయని కూడా తర్వాత తేలింది. ఇంత చవకైన ముందస్తు హెచ్చరిక ఉండగా, దాన్ని కోటా నిర్ణయించే బల్ల మీదికి తేవడానికి ఇంకా వెనకాడటం నాకు అర్థం కాదు. పిల్లల బరువు, చేప జాతి, తల్లిదండ్రులు తిరిగి వచ్చే వ్యవధి. సర్వే నౌక తెచ్చే టన్నుల పక్కన ఈ మూడు అంకెలు ఉండాలి, అవి దిగజారితే ఆ కాలనీ చుట్టూ వేట ఆ సీజనుకు తనంతట తానే ఆగాలి. ఎవరి దయా అక్కర్లేకుండా, ముందే రాసుకున్న నిబంధనగా.

చోటును బట్టి వేట ఆపడం కొత్త ఆలోచన కాదు. ఐల్ ఆఫ్ మే పక్షులు తిరిగే వీ బ్యాంకీ ప్రాంతంలో 1990లో మొదలైన శాండీల్ వేటను 2000లో మూసేశారు. 2024లో బ్రిటన్ మరింత ముందుకు వెళ్లి, ఉత్తర సముద్రంలోని ఇంగ్లండ్ జలాల్లోనూ, స్కాట్లాండ్ జలాలన్నిటిలోనూ శాండీల్ వేటను నిషేధించింది. ఆ వేటలో సింహభాగం డెన్మార్క్ పడవలది, పట్టిన చేప వెళ్లేది చేపపొడి, నూనె మిల్లులకు. ఐరోపా సమాఖ్య హేగ్‌లో మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 2025లో తీర్పు వచ్చింది. స్కాట్లాండ్ నిషేధం నిలిచింది. ఇంగ్లండ్ జలాల విషయంలో మాత్రం, దానివల్ల ఎదుటివారి హక్కులకు కలిగే నష్టాన్ని నిర్ణయానికి ముందు తగినంతగా తూచలేదని తప్పుపట్టారు. నిషేధాన్ని ఎత్తేయమని చెప్పలేదు. తూచడం అన్న ఆ షరతు నాకు సబబుగానే తోస్తుంది. డెన్మార్క్ జాలరి కుటుంబానికి కూడా ఒక లెక్క చెప్పాలి. ఏ పక్షి ఎంత దూరం వెళుతోంది, ఏ ఇసుకమేట మీద వేటాడుతోంది అన్న వివరం ఉంటే సముద్రమంతా మూసే పని లేకుండా అవసరమైన చోటే మూయవచ్చు.

దక్షిణాఫ్రికాలో ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా అలాంటి ప్రయత్నం. ఆఫ్రికన్ పెంగ్విన్ సార్డీన్, ఆంకోవీల మీద బతుకుతుంది. ఎగరలేదు కనుక పిల్లలున్నప్పుడు దాని వేట కాలనీ చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్లకే పరిమితం. ఈకలు మార్చుకునే సుమారు మూడు వారాలు నీళ్లలోకే దిగదు, ముందే బలిసి ఉండాలి. 1990ల చివరి నుంచి చేపల గుంపులు తూర్పు వైపు జరిగాయి. పెంగ్విన్ దీవులు చాలావరకు పశ్చిమాన, చేపల మిల్లులు కూడా ఎక్కువగా పశ్చిమానే. కోటా మాత్రం మొత్తం నిల్వకు కలిపి లెక్కగట్టారు. చేప తూర్పున ఉన్నా పడవలు మిల్లులకు దగ్గరగా పశ్చిమంలోనే ఎక్కువ పట్టాయి. టన్నుల లెక్కలో నియమం ఎక్కడా తప్పలేదు. ఆ తీరపు పెంగ్విన్ మాత్రం ఉపవాసం పాలైంది. ఇప్పుడు మొత్తం మీద మిగిలింది 10,000 జంటల లోపే. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐ.యు.సి.ఎన్. దాన్ని అత్యంత ప్రమాద స్థితిలోని జాతిగా ప్రకటించింది.

దీవుల చుట్టూ వేట ఆపి చూసే ప్రయోగం 2008లోనే మొదలైంది. ఫలితాల మీద పదేళ్లకు పైగా శాస్త్రవేత్తలు కొట్టుకున్నారు. చివరికి పక్షి సంస్థలు కోర్టుకెక్కితే, 2025 మార్చిలో ప్రిటోరియా హైకోర్టులో చేపల పరిశ్రమతో రాజీ కుదిరింది. డాసెన్, రాబెన్, స్టోనీ పాయింట్, డయ్యర్, సెయింట్ క్రాయ్, బర్డ్ ఐలండ్ అనే ఆరు కాలనీల చుట్టూ పదేళ్లపాటు వేటరహిత ప్రాంతాలు. ఆ హద్దులను గీయడంలో పెంగ్విన్లు నిజంగా ఎక్కడ ఈదుతున్నాయో ట్రాకర్లు చెప్పిన సమాచారానికి విలువ దక్కింది. నేను అడుగుతున్నది ఇదే రకం గీత.

ఇది నా వాదనకు పరీక్ష కూడా. సెయింట్ క్రాయ్ ఒకప్పుడు అన్నిటికంటే పెద్ద కాలనీ. దాని పక్కనున్న అల్గోవా అఖాతంలో 2016 నుంచి ఓడ నుంచి ఓడకు ఇంధనం నింపడం మొదలై, ఓడల రద్దీ, నీటి అడుగున మోత విపరీతంగా పెరిగాయి. ఆ తర్వాత అక్కడి పెంగ్విన్లు దారుణంగా పడిపోయాయి. కనుక ఆరు కాలనీలు ఒకేలా స్పందిస్తాయని నేను అనుకోవడం లేదు. రాబెన్, డాసెన్‌లలో చేప తిరిగి రాగానే పిల్లల బరువు పెరిగి, సెయింట్ క్రాయ్‌లో పెరగకపోతే, అక్కడి తప్పు వలది కాదని తేలుతుంది. మిగిలిన దీవుల్లోనూ పెరగకపోతే నా లెక్కను నేను మళ్లీ చూసుకోవాలి. ఆ జవాబు మొదట కనబడేది పెంగ్విన్ల జనాభా లెక్కలో కాదు, పిల్లల బరువులో. అక్కడి పరిశోధకులు వాటిని ఇప్పటికే తూస్తున్నారు.